ఐరిష్ రీల్స్: స్వరాలు కుదిరాయి, నడక కుదరడం లేదు

విజయనగరం_ఫిడేలు:
పన్నెండేళ్లు కర్ణాటక సంగీతంలో వయొలిన్ నేర్చుకున్నాను. ఇప్పుడు డబ్లిన్‌లో ఉంటూ ఐరిష్ రీల్స్ (నాట్యానికి వాయించే చురుకైన ట్యూన్లు) సాధన చేస్తున్నాను. ఐరిష్ ఫిడేలు విద్వాంసుడు మైకేల్ కోల్మన్ పాత రికార్డులు విని స్వరాలన్నీ పట్టాను. ఎంత వాయించినా అది రీల్‌లా వినిపించడం లేదు. ఇక్కడి పెద్దాయన ఒకరు నా ఎడమచెయ్యి మరీ ఎక్కువ మాట్లాడుతోందన్నారు. ఈ ఇబ్బంది ఇంకెవరికైనా ఎదురైందా?

గాల్వే_శ్రోత:
నాకూ ఇదే జరిగిందండీ. గమకం అలవాటైన వేలు దీర్ఘస్వరం కనిపిస్తే చాలు, ఊపేస్తుంది. వీళ్ల రోల్ అనే అలంకారంలో ఆ ఊపు ఉండదు. అసలు స్వరం, పై వేలి తాకిడి, మళ్లీ అసలు స్వరం, కింది వేలి తాకిడి, చివర అసలు స్వరం. ఆ తాకిళ్లలో శ్రుతి తెలియకూడదు, చిటికె వేసినట్టు తెగిపోవాలి. ఈ ఒక్కదానికే నాకు మూడు నెలలు పట్టింది. కమాను కూడా చూసుకోండి. తాళం దెబ్బ పడినప్పుడల్లా తిప్పుతున్నారా? కోల్మన్ వాయించే స్లైగో ప్రాంతపు బాణీలో తరచుగా కమాను దెబ్బకు ముందు స్వరంలోనే తిరిగి, దెబ్బను దాటుకుంటూ సాగుతుంది.

పాత_రికార్డులు:
కోల్మన్‌తో మొదలుపెట్టడం మంచిదే, ఆయన దగ్గరే ఆగిపోకండి. స్లైగోలో పుట్టి, 1914లో అమెరికా వెళ్లి, 1921 నుంచి న్యూయార్క్‌లో రికార్డులు ఇచ్చారు. అవి ఐర్లండ్ పల్లెలకు చేరాక, సొంత ఊరి బాణీ వదిలి ఆయననే అనుకరించినవారు ఎందరో. అంతటి వాయింపు విన్న కుర్రవాళ్లను తప్పుపట్టలేం. అయినా మరుగునపడ్డ బాణీలు తలుచుకుంటే బాధగా ఉంటుంది. జాన్ డొహర్టీని వినండి. డోనిగాల్‌లో తగరపు పని చేస్తూ ఊరూరా తిరిగిన మనిషి. స్వరానికో కమాను, ప్రతి స్వరమూ పదునుగా. స్కాట్లండ్ ప్రభావం బాగా తెలుస్తుంది. రీల్ పుట్టిల్లు కూడా అదే కదా!

తూర్పుక్లేర్_అభిమాని:
వేగమే గొప్ప అనుకుంటే ఐర్లండ్‌లోని తూర్పు క్లేర్ ప్రాంతపు బాణీ మీకు అందదు. పాడీ క్యానీని, తర్వాతి తరంలో మార్టిన్ హేస్‌ను వినండి. నింపాదిగా నడిచే రీల్‌లో ఎంత దుఃఖం ఇమిడి ఉంటుందో అప్పుడు తెలిసింది నాకు. కార్క్, కెర్రీ సరిహద్దులోని స్లీవ్ లూక్రాది మరో దారి. అక్కడ పోల్కాలు, స్లైడ్‌లు అనే వేరే రకం నాట్య ట్యూన్లు ఎక్కువ. పాడ్రిగ్ ఒకీఫ్ బడిపంతులు ఉద్యోగం పోయాక ఇళ్లకు నడిచివెళ్లి ఫిడేలు నేర్పారు. నాలుగు తీగలకు నాలుగు గళ్లు, వేళ్లకు అంకెలు, ఇదీ ఆయన రాత. ఆ శిష్యులే డెనిస్ మర్ఫీ, ఆయన సోదరి జూలియా క్లిఫర్డ్. వాళ్ల జంట వాయింపు తప్పక వినండి.

విజయనగరం_ఫిడేలు:
అందరికీ ధన్యవాదాలు. నిన్న ఒకే రీల్ తీసుకుని, మొదటి భాగం ఎనిమిది బార్లే (తాళపు ఆవృతాలే) సగం వేగంతో వాయించాను. కమాను దెబ్బను దాటించగానే నా పాదం తనంతట తాను కదిలింది! రెండో వేలి మీద రోల్ కుదిరింది. మూడో వేలి మీద మాత్రం చిటికెనవేలు బరువుగా పడుతోంది. ఏం చేయాలి?

గాల్వే_శ్రోత:
ఆ వేలితో తీగను నొక్కకండి, తాకీ తాకనట్టు వదిలేయండి. వారం రోజులు కమాను లేకుండా వేళ్లతోనే చేసి, మళ్లీ ఇక్కడ రాయండి.