10 బై 12 బెడ్‌రూమ్‌కి చిన్న లేజర్ ప్రొజెక్టర్, 300 ల్యూమెన్లు సరిపోతాయా?

అద్దెఇంటోడు:
కూకట్‌పల్లిలో డబుల్ బెడ్‌రూమ్ అద్దె ఇల్లు మాది. హాల్లో టీవీ ఉంది కానీ సాయంత్రం ఆరు నుంచి పది దాకా అది అమ్మ సీరియళ్ళకి రిజర్వ్‌డ్, అందులో ఇంక చర్చ లేదు. అందుకని రాత్రిపూట నేనూ మా ఆవిడా సినిమాలు చూసుకోడానికి బెడ్‌రూమ్‌లోకి చిన్న లేజర్ ప్రొజెక్టర్ తీసుకుందామని చూస్తున్నా. గోడకి మేకు కొట్టిన చప్పుడైతే చాలు ఓనర్ గారు మెట్లు దిగి వచ్చేస్తారు కాబట్టి సీలింగ్‌కి బిగించేవి నాకు చెప్పొద్దు. వచ్చే నెల బావ డల్లాస్ నుంచి వస్తున్నాడు, చెప్తే తెస్తాడు. నేను అనుకుంటున్నది నెబ్యులా క్యాప్సూల్ 3 లేజర్. 1080పీ, చేతిలో పట్టేంత సైజు, బ్యాటరీ కూడా ఉంది, కానీ బ్రైట్‌నెస్ దగ్గర 300 ఆన్సీ ల్యూమెన్లు అని ఉంది. ఇంకోపక్క ఆన్‌లైన్‌లో పన్నెండు వేలకే 9000 ల్యూమెన్లు అని రాసినవి కనపడుతున్నాయి, మరి 300 వాటికి అంత రేటేంటో అర్థం కావట్లా. నాకు 100 అంగుళాల బొమ్మ కావాలి, ఆదివారం మధ్యాహ్నం కూడా చూడాలి. వాడుతున్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.

రిమోట్‌రాజు:
అదే డబ్బుతో 65 అంగుళాల టీవీ వస్తుంది బ్రో. మధ్యాహ్నం చూడాలన్నావు కదా, అక్కడే అయిపోయింది ప్రొజెక్టర్ సంగతి.

గోడమీదబొమ్మ:
రాజు గారు ఒక్క ముక్కలో కొట్టిపారేశారు కానీ మధ్యాహ్నం విషయంలో ఆయనదే కరెక్టు. మీ రూమ్‌లో 20 వాట్ల ఎల్‌ఈడీ బ్యాటెన్ ఉందనుకోండి, అదొక్కటే 2000 ల్యూమెన్ల దాకా ఇస్తుంది, మీ ప్రొజెక్టరేమో 300, ఇంక లైటు వేసుకుని ఏం చూస్తారు. కిటికీలోంచి వచ్చే ఎండ ముందు అదీ లెక్కలోకి రాదు.

ఆ 9000 కథ ఏంటంటే, లోపల లైటు ఎంత వెలుగుతుందో చెప్తారు గానీ లెన్స్ దాటి గోడ మీద ఎంత పడుతుందో చెప్పరు, ఒక్కోసారి ఆ మొదటి నంబర్ కూడా వాళ్ళ ఇష్టమే. ఆన్సీ అనో ఐఎస్ఓ అనో రాస్తే అది ఒక పద్ధతి ప్రకారం స్క్రీన్ దగ్గర కొలిచింది. అలాగే "4కే సపోర్ట్" అంటే 4కే ఫైల్ తీసుకుంటుందని, చూపించేది 720పీ అయినా కావచ్చు, అది నిజంగా చూపించేదెంతో చెప్పే నేటివ్ రిజల్యూషన్ అన్న మాట వెతకండి.

ఇప్పుడు మీ 300 సంగతి. డిజిటల్ సినిమా హాల్లో తెల్ల బొమ్మకి పెట్టుకున్న లెక్క 14 ఫుట్‌ల్యాంబర్ట్‌లు (తెర ఎంత వెలుగుతుందో చెప్పే కొలత), మామూలు మ్యాట్ తెల్ల స్క్రీన్ మీద అయితే చదరపు అడుగుకి 14 ల్యూమెన్లు అనుకోవచ్చు. 100 అంగుళాల బొమ్మ సుమారు 30 చదరపు అడుగులు, 300ని 30తో భాగిస్తే 10, అంటే చీకట్లో కూడా కాస్త డల్లే. 80 అంగుళాలకి దిగితే 19 చదరపు అడుగులే, అప్పుడు 15 దాటుతుంది, హాయిగా ఉంటుంది. కాబట్టి 300 ల్యూమెన్లు చెడ్డది కాదు, 100 అంగుళాలకి అది చాలదు అంతే. 100 కావాల్సిందే అంటే ఎప్సన్ ఈఎఫ్-12 లాంటి 1000 ల్యూమెన్ల వాటి వైపు వెళ్ళండి, అదీ లేజరే, ఫుల్ హెచ్‌డీ, సుమారు రెండు కిలోలు, కాకపోతే బ్యాటరీ ఉండదు.

దూరం కూడా చూసుకోండి. ఈ చిన్నవాటిలో చాలావాటికి త్రో రేషియో 1.2, బొమ్మ వెడల్పుకి 1.2 రెట్లు వెనక పెట్టాలి. 100 అంగుళాలకి వెడల్పు ఏడుంబావు అడుగులు, దూరం 8.7 అడుగులు, మీ 12 అడుగుల రూమ్‌లో అది సరిగ్గా మంచం నడిబొడ్డున వస్తుంది. 80కి అయితే 7 అడుగులు.

ఇంకోటి ఎవరూ చెప్పరు. మన సినిమాలు ఎక్కువ స్కోప్‌లో, అంటే టీవీ ఫ్రేమ్ కంటే బాగా వెడల్పుగా, ఉంటాయి కదా, 100 అంగుళాల ఫ్రేమ్‌లో పైనా కిందా ఆరేసి అంగుళాలు నల్ల పట్టీలకే పోతాయి, అవి టీవీలోలా నల్లగా కాకుండా బూడిద రంగులో కనిపిస్తాయి. నైట్ ఎఫెక్ట్ సీన్లు కూడా అంతే. లేజర్ అనగానే నలుపు నల్లగా వచ్చేస్తుందనుకోకండి. లేజర్‌తో వచ్చేది ఆయుష్షు, రంగులు, నొక్కగానే వెలగడం. 20 వేలు 25 వేలు గంటలు అని రాస్తారు, రోజూ ఒక సినిమా చూసినా పాతికేళ్ళు, ఈలోపు అందులో ఉన్న ఆండ్రాయిడ్ ముసలిదైపోతుంది.

భీమవరంబుల్లోడు:
నేను ఏడాదిన్నరగా బ్యాటరీ ఉన్న చిన్నది వాడతన్నానండి, కంపెనీ పేరెందుకులెండి. కొన్న కొత్తలో డాబా మీద దుప్పటి కట్టి చూశాం, పక్కింటోళ్ళు కూడా వచ్చారు, ఆ సరదా నాలుగు రాత్రులు. ఐదో రాత్రి నుంచి దోమలు. బ్యాటరీ రెండున్నర గంటలని రాస్తారండి, అది కూడా బ్రైట్‌నెస్ తగ్గించుకుంటేనే, మన సినిమా చూస్తే రెండు ముప్పావు, సరిగ్గా క్లైమాక్స్ ఫైట్‌లో హీరో చెయ్యెత్తగానే ఆగిపోయింది, మా నాన్న అయితే ఇప్పటికీ దాన్ని బ్యాటరీ లైటు అనే అంటారు. ఇప్పుడు ఎప్పుడూ ప్లగ్గులోనే ఉంటది.

మీరు ఫ్యాను గురించి ఆలోచించారో లేదో. నేను మొదట వెనక బీరువా మీద పెట్టానండి, వెలుతురు సరిగ్గా ఫ్యాను రెక్కల్లోంచి పోయేది, బొమ్మంతా టకటకా కొట్టుకునేది. ఫ్యాను ఆపితే మేలో చచ్చిపోతాం. చివరికి మంచం కాళ్ళవైపు ప్లాస్టిక్ స్టూల్ మీదకి వచ్చింది. పక్కకి పెట్టి, వంకరొచ్చిన బొమ్మని కీస్టోన్ అనే సెట్టింగ్‌తో సరిచేద్దాం అనుకోకండి, కీస్టోన్ వేస్తే బొమ్మని లోపలే నొక్కుతుంది, కొంత రిజల్యూషనూ కొంత వెలుతురూ పోతాయి, వచ్చే 300లోనే అదొకటి. గోడకి ఎదురుగా పెట్టండి.

పిల్లలుంటే ఒక మాటండి. స్టూల్ ఎత్తులో లెన్స్ అంటే రెండేళ్ళ పిల్లకి సరిగ్గా కళ్ళ ఎత్తు. మా పాప అందులోకి తొంగి చూడబోయింది. కొన్నిట్లో ఎవరైనా ముందుకొస్తే ఆటోమేటిక్‌గా వెలుగు తగ్గించేది ఉంటది, ఉంటే ఆన్ చేసుకోండి, అయినా చూడనివ్వకండి.

అద్దెఇంటోడు:
అయ్యో ఫ్యాను అసలు తట్టలేదు నాకు. థ్యాంక్సండి. త్రీ కలర్ లేజర్ అని ఇంకో రకం ఉంది కదా, రంగులు అదిరిపోతాయంటున్నారు. అది బెటరా? బావ చేత తెప్పించుకుంటే మన కరెంటుకి పనిచేస్తుందా?

మూడోరీలు:
రంగులు నిజంగానే బాగుంటాయి, కానీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ లేజర్లే అయినప్పుడు తెల్లటి ఆకాశం లాంటి చోట సన్నగా ఇసక చల్లినట్టు మెరుస్తుంది, స్పెకిల్ అంటారు. కొందరికి అస్సలు కనపడదు. నా బాధ వేరే, రెయిన్‌బో. ఒకే చిప్ ఉన్న డీఎల్‌పీ రకం ప్రొజెక్టర్లు రంగుల్ని ఒకదాని తర్వాత ఒకటి వేస్తాయి, నేను కళ్ళు తిప్పగానే తెల్ల అక్షరాల చుట్టూ ఎరుపూ నీలం చారలు కనిపిస్తాయి, గంటలో తలనొప్పి. మా ఆయనకేమో ఏమీ కనపడదు, నాదంతా భ్రమ అంటారు. మీరు చూస్తున్న క్యాప్సూల్ డీఎల్‌పీనే, ఈఎఫ్-12 త్రీఎల్‌సీడీ, అంటే మూడు రంగులూ ఒకేసారి వేసే రకం, దాంట్లో ఈ గొడవ లేదు. కొనేముందు మీ ఆవిడని కూడా షోరూమ్‌కి తీసుకెళ్ళి నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద టైటిల్స్ పడే చోట చూపించండి, ఇద్దరి కళ్ళూ ఒకటి కాదు.

కరెంటు గురించి అడాప్టర్ మీద 100-240 వోల్ట్స్ అని ఉంటే భయం లేదు, క్యాప్సూల్ అయితే టైప్-సీ చార్జింగే. అసలు సమస్య వారంటీ, అక్కడ కొన్నదానికి ఇక్కడ ఎవరు చేస్తారో ముందే అడగండి. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి ఇక్కడ ప్రొజెక్టర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గింది, పాత వీడియోల్లో చెప్పిన రేట్లు చూసి లెక్కలు వేసుకోకండి. గోడ రంగేంటి?

అద్దెఇంటోడు:
గోడ పిస్తా గ్రీన్ మేడమ్, ఓనర్ గారి టేస్ట్.

మూడోరీలు:
అయితే హీరోహీరోయిన్లందరికీ కామెర్లే. కింద నుంచి పైకి లాగే స్టాండ్ స్క్రీన్ తీసుకోండి, మేకు అక్కర్లేదు. మ్యాట్ తెలుపు చాలు, ఖరీదైన స్క్రీన్లు మీ చీకటి గదికి దండగ.

అద్దెఇంటోడు:
నిన్న రాత్రి అందరూ చెప్పినట్టు కొలిచాను. కిటికీకీ బీరువాకీ మధ్య గోడ ఆరడుగుల రెండంగుళాలు, అంతే. అంటే 100 అంగుళాల మాట అసలు మొదట్నుంచీ లేదు, నేనే ఊహించుకున్నా. 80 అంగుళాలంటే వెడల్పు 5 అడుగుల 10 అంగుళాలు, నాలుగంగుళాల తేడాలో పడుతుంది. ఆ సైజులో పాత పేపర్లు టేపుతో అంటించి మంచం మీద పడుకుని చూస్తే నిజానికి అదే చాలా పెద్దగా ఉంది. బావని ఏమీ తేవద్దన్నా, శనివారం మా ఆవిడతో వెళ్ళి రెండు రకాలూ డెమో చూసి ఇక్కడే తీసుకుంటాం. మధ్యాహ్నం ఆశ వదిలేశా.

పేపర్లు ఇంకా పీకలేదు. పొద్దున అమ్మ చూసి గోడకివేంట్రా అంది. ప్రొజెక్టర్ కోసం, ఇంత పెద్ద బొమ్మ వస్తుందని చెప్పా. కాసేపు అలా చూసి, దాంట్లో సీరియళ్ళు కూడా వస్తాయా అని అడిగింది.