పాత బండిలో కరెంటు ఒక్కసారిగా పోతే: వైరింగ్ మొత్తం మార్చాలా, లోపం వెతకాలా?

ప్రశ్న: 1960ల నాటి బ్రిటిష్ మోటార్‌సైకిల్, 12 వోల్టులు, పాజిటివ్ ఎర్త్ (అంటే బ్యాటరీ పాజిటివ్ బండి లోహపు బాడీకి కలిపి ఉంటుంది), పాయింట్లతో నడిచే కాయిల్ ఇగ్నిషన్. వేగంగా వెళ్తున్నంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. స్లో చేయగానే హెడ్‌లైట్, హారన్, ఇంజన్ అన్నీ చచ్చిపోయాయి. ఫ్యూజు బాగానే ఉంది. తాళంచెవి తీసేసి ఇగ్నిషన్ స్విచ్‌కి వచ్చే వైరు దగ్గర మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టులు చూపిస్తోంది. తాళంచెవి పెట్టి ఆన్ చేస్తే మాత్రం ఏదీ వెలగదు. ఏం చేయమంటారు?

జవాబు 1: వైరింగ్ మొత్తం పీకి కొత్తది వేసేయ్ అన్నా. అంత పాత వైర్లకి ఇన్సులేషన్ పెళుసైపోయి ఉంటుంది. ఇవాళ ఒకటి అతికిస్తావు, రేపు చీకట్లో ఇంకోటి తెగుతుంది.

జవాబు 2: ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టుంది ఈ సలహా. అన్నీ కలిసి పోయాయంటే లోపం అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న దారిలోనే ఉండాలి కదా. ఆ దారిలో ఉండేవి బ్యాటరీ టెర్మినళ్ళు, ఎర్త్, ఫ్యూజు, అమ్మీటర్ (కరెంటు ఎంత పారుతోందో ముల్లుతో చూపే మీటర్), ఇగ్నిషన్ స్విచ్, అంతే. పైగా వేగంలో బాగుండి స్లోలో ఆగిందంటే అప్పటిదాకా ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) ఒక్కటే మోసిందన్నమాట, స్లోలో దాని కరెంటు చాలదు; అదే ఇగ్నిషన్ స్విచ్ పోయుంటే వేగంలో కూడా ఆగేది. అంటే బ్యాటరీ వైపు చూడాలి.

ఇక ఆ 12.6 సంగతి. మీటర్ దాదాపు కరెంటే లాగదు, వైరులో ఒక్క పోగు మిగిలినా ఫుల్లుగా చూపిస్తుంది. దాన్ని నమ్మి వైర్లు బాగున్నాయనుకుని చాలామంది మంచి బ్యాటరీలు పారేశారు. ఒక 21 వాట్ల ఇండికేటర్ బల్బుకి రెండు వైర్లు కట్టండి. ఒకటి బ్యాటరీ పాజిటివ్‌కి పెట్టి, రెండోది ఫ్యూజుకి అటూ ఇటూ, అమ్మీటర్‌కి అటూ ఇటూ వరసగా తాకించండి. ఎక్కడ ఆరిపోతుందో దానికి ముందే లోపం ఉంది. ఫ్యూజు చూడ్డానికి బాగున్నా గాజు చివర మూత దగ్గర వదులైపోయి ఉండొచ్చు, కంటితో చూసి వదిలేయకండి. అన్నిచోట్లా వెలిగితే బ్యాటరీ పాజిటివ్‌కి పెట్టిన వైరు ఇంజన్‌కి మార్చి మళ్ళీ చూడండి, అప్పుడు ఆరితే తప్పు ఎర్త్‌ది.

జవాబు 1: సరే, హ్యాండిల్ తిప్పినప్పుడు మాత్రమే పోయే లోపాన్ని బల్బు ఎలా పడుతుంది?

జవాబు 2: బల్బు కట్టే ఉంచి హ్యాండిల్ అటూ ఇటూ తిప్పితే మిణుకుమంటుంది, అక్కడే పట్టుకోవాలి. ఇన్సులేషన్ వేలితో వంచితే పగులుతోందా, అప్పుడు వైరింగ్ మార్చండి, నేనేం కాదనను. కానీ తుప్పు పట్టిన ఎర్త్ మీద కొత్త వైరింగ్ బిగిస్తే ఏం ఒరుగుతుంది?

ప్రశ్న అడిగినవారు: బల్బు పెట్టి చూశాను. అమ్మీటర్ ముందు వెలిగింది, తర్వాత వెలగలేదు. దాని రెండు వైర్లూ కలిపి టేపు చుట్టగానే హారన్ మోగింది. అమ్మీటర్ బాగు చేయించాలా, ఇలాగే వదిలేయాలా?

జవాబు 1: వదిలేయండి. ఆ ముల్లు ఊగడం తప్ప చెప్పేదేం లేదు, ఓ వోల్ట్‌మీటర్ పెట్టుకోండి. వైరింగ్ మాత్రం మార్చాల్సిందే!