థార్ డీజిల్‌కి ముందు స్నార్కెలా, బ్రీదర్ పైపులా?

మన్యం దారి:
అందరికీ నమస్కారం. బండి కొత్త తరం థార్, 2.2 డీజిల్ మాన్యువల్. వానలు తగ్గాక మారేడుమిల్లి అడవి దారులు, వచ్చే వేసవిలో హిమాచల్‌లో గ్రాంఫూ నుంచి బాతల్ మీదుగా స్పీతి. ఉన్న డబ్బుకి ఇప్పుడు ఒక పనే అవుతుంది: స్నార్కెల్ (ఇంజిన్‌కి గాలిని ఎత్తు నుంచి తెచ్చే గొట్టం), లేదా బ్రీదర్ పైపులు (ఇరుసు, గేర్‌బాక్స్‌ల గాలి రంధ్రాలను నీళ్ళకి అందని ఎత్తుకి తీసుకెళ్ళే పైపులు). షాపువాళ్ళు స్నార్కెల్ అంటున్నారు. కంపెనీ 650 మి.మీ. లోతు దాకా పోవచ్చని చెప్తోంది కదా, అలాంటప్పుడు స్నార్కెల్ అవసరమా? వేయమనేవాళ్ళూ వద్దనేవాళ్ళూ కారణాలు చెప్పండి.

కొండరాయి:
వేయించండి. మీ ఇంజిన్ 2184 సీసీ, అంటే సిలిండర్‌కి 546. కంప్రెషన్ 16కి 1 అనుకుంటే పిస్టన్ పూర్తిగా పైకొచ్చినప్పుడు మిగిలే జాగా సుమారు 36 మి.లీ. ఒక్క సిలిండర్లోకి అంతకు మించి నీళ్ళు వెళ్ళాయంటే పిస్టన్ పైకి రాలేదు. గాలి నలుగుతుంది, నీరు నలగదు. ఫ్లైవీలూ మిగతా మూడు సిలిండర్లూ తోస్తూనే ఉంటాయి కాబట్టి కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. కంపెనీ చెప్పే 650 నిలకడ నీళ్ళకి, చదును నేలకి. వాగు అడుగున గుండ్రాళ్ళ మధ్య గుంతలో ముందు చక్రం పడితే ముక్కు ఒక్కసారిగా అడుగు దిగిపోతుంది. స్నార్కెల్ ఆ రెండు సెకన్ల కోసం.

హౌసింగ్ ఆయిల్:
కొండరాయి గారి లెక్క కరెక్టే, వరసే తప్పు. షెడ్డుకొచ్చే బళ్ళలో రాడ్డు వంగినవి తక్కువ, హౌసింగ్‌లో (ఇరుసు మధ్య డిఫరెన్షియల్ గేర్లుండే డబ్బా) ఆయిలు పాలు కలిపిన టీ రంగుకి తిరిగినవి ఎక్కువ. రోడ్డు మీద గంటలకొద్దీ నడిచిన డిఫరెన్షియల్ 90 డిగ్రీల దాకా కాగి ఉందనుకోండి. 20 డిగ్రీల వాగులో దించితే లోపలి గాలి దాదాపు ఐదో వంతు తగ్గిపోతుంది. ఆ వెలితికి బ్రీదర్ నుంచో, ఆయిల్ సీలు అంచు నుంచో నీళ్ళు లాగేసుకుంటుంది. దీనికి బానెట్ దాకా లోతు అక్కర్లేదు, ఇరుసు మునిగితే చాలు. లోపల కూర్చున్నవాళ్ళకి ఏమీ తెలియదు. ఎప్పుడో బేరింగు మోత మొదలయ్యాక తెలుస్తుంది, అప్పటికి లోపలి క్రౌన్ పినియన్ గేర్లు కూడా తినేసి ఉంటుంది.

అందుకే ముందు బ్రీదర్లు. వెనక హౌసింగ్, ముందు డిఫరెన్షియల్, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక ఇరుసులకి శక్తి పంచేది), నాలుగింటి నుంచీ ఆయిలుకి ఉబ్బని 6 లేదా 8 మి.మీ. పైపులు తీసి, ఇంజిన్ గదిలో ఎత్తైన చోట ఫైర్‌వాల్‌కి (ఇంజిన్ గదికీ క్యాబిన్‌కీ మధ్య గోడ) బిగించి, చివర చిన్న ఫిల్టరు పెట్టాలి. వెనక ఇరుసు పూర్తిగా కిందికి జారినా పైపు లాగకుండా వదులు ఉంచాలి. మధ్యలో పైపు కిందికి వంగి మళ్ళీ పైకి లేవకూడదు, ఆ వంపులో ఆయిలు చేరి మూసుకుపోతుంది. సైలెన్సర్‌కి తగలనీయకండి. సగం రోజు పని, స్నార్కెల్ ఖర్చులో చిన్న భాగం.

కొండరాయి:
హౌసింగ్‌లోకి నీళ్ళు పోతే ఆయిలు మార్చి ఇంటికి రావచ్చు. రాడ్డు వంగితే బాతల్ నుంచి లారీ మీద రావాలి. రెండు నష్టాలూ ఒకటి కావు గదా గురువుగారూ. పైగా స్పీతి దారిలో ముందు బండి లేపే దుమ్ముకి కూడా స్నార్కెల్ పనికొస్తుంది, ఫిల్టరు ఎక్కువ రోజులు వస్తుంది.

హౌసింగ్ ఆయిల్:
దుమ్ము మాట ఒప్పుకుంటాను. నీళ్ళ మాటే ఒప్పుకోను, ఎందుకంటే బజారులో వేసేవాటిలో చాలావరకు గొట్టమే పైకి పోతుంది, జాయింట్లు సీలు కావు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా అడుగున నీళ్ళు కారిపోయే రంధ్రం ఉంటే అది అలాగే తెరిచి ఉంటుంది. దాన్ని మూయాలి, లేదా బయటికే తెరుచుకునే రబ్బరు వాల్వు పెట్టాలి. వేయించాక పరీక్ష ఇది: ఇంజిన్ ఐడిల్‌లో పెట్టి స్నార్కెల్ మూతిని ప్లాస్టిక్ పలకతో పూర్తిగా మూయండి. కొద్ది సెకన్లలో ఇంజిన్ ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతోందంటే ఎక్కడో గాలి లాగుతోంది, గాలి దూరే సందులో నీళ్ళూ దూరతాయి. ఈ పరీక్ష చేసి చూపించని షాపులో వేయించొద్దు. సీలు లేని స్నార్కెల్ అసలు లేనిదాని కంటే చెడ్డది, దాన్ని నమ్మి ఇంకో అడుగు లోతుకి దిగుతారు.

పాలసీ కాగితం:
రెండు విషయాలు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద తయారీదారు ఇచ్చిన రూపం నుంచి బండిని మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఫోర్స్ గూర్ఖాకి స్నార్కెల్ ఫ్యాక్టరీ నుంచే వస్తుంది, 700 మి.మీ. లోతు కంపెనీ చెప్పిందే, దానికి ఇబ్బంది లేదు. మీ థార్‌కి ఫెండర్ కోసి వేసేది వేరే సంగతి, వారంటీ, క్లెయిమ్ రెండూ చిక్కుల్లో పడొచ్చు.

రెండోది, మామూలు కాంప్రిహెన్సివ్ పాలసీతో నీళ్ళవల్ల పోయిన ఇంజిన్‌కి డబ్బు వస్తుందనుకోకండి. నీళ్ళలో ఆగిన ఇంజిన్‌కి మళ్ళీ సెల్ఫ్ కొట్టి పాడుచేస్తే అది పర్యవసాన నష్టం అంటారు. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు బీమా విడిగా తీసుకోవాలి, తీసుకునేముందు షరతులు చదవాలి.

ఆకేరు ఒడ్డు:
అన్నా, అందరు ఇంజిన్ గురించే మాట్లాడుతున్నరు. బండి తేలితే ఇంజిన్‌తోని ఏం పని? థార్ అడుగు భాగం ఐదారు చదరపు మీటర్లు ఉంటది. నీళ్ళు ఫ్లోర్ దాటి ఇంకో 10 సెంటీమీటర్లు ఎక్కితే 500 కిలోల పైన బరువు నీళ్ళే మోస్తయి. ఇంకో జానెడు ఎక్కితే టైర్లకు పట్టే ఉండది, పక్కకెళ్ళి కొట్టే వరద చప్టా మీదికెళ్ళి దొబ్బేస్తది. 2024 సెప్టెంబర్ల మున్నేరు, ఆకేరు పొంగినప్పుడు చూసినం గద. రోడ్డు మీద మోకాలెత్తు నీళ్ళు పారుతుంటే స్నార్కెల్ ఉన్నా లేకున్నా ఆగుడే. స్నార్కెల్ గాలిని ఇస్తది, బరువును ఇయ్యది.

అడవి వాగైతే ముందు కట్టె పట్టుకొని నడిచి చూడాలె. మనిషి నిలబడలేని పోటుల బండి దించొద్దు. స్పీతిల పొద్దుగాల దాటాలె, మధ్యాహ్నం ఎండకు మంచు కరిగి అదే నాలా రెండింతలైతది.

కొండరాయి:
ఆకేరు తమ్ముడు చెప్పినదానికి ఎదురు లేదు. వరదకి కాదు, లోతు చూసుకున్న వాగుకే నా మాట.

మన్యం దారి:
అంటే స్నార్కెల్ లేకుండా 500 మి.మీ. నీళ్ళు దాటాలంటే ఎలా నడపాలి? మధ్యలో ఆగిపోతే ఏం చేయాలి?

హౌసింగ్ ఆయిల్:
దిగేముందు పది నిమిషాలు ఆపి హౌసింగూ టర్బో చల్లారనివ్వండి. ఆటో స్టార్ట్-స్టాప్ ఉంటే ఆఫ్ చేయండి, నీళ్ళ మధ్య తనంతట తాను ఇంజిన్ ఆపేస్తే అంతే సంగతులు. వెనక హుక్కుకి తాడు ముందే తగిలించి దాని కొస బండిలో పెట్టుకోండి, మునిగిన హుక్కు కోసం బురదనీళ్ళలో తడుముకోవడం నరకం. సీటు బెల్టు తీసేయండి, అద్దాలు దించండి. గ్రిల్ ముందు మందపాటి టార్పాలిన్ కడితే ఇంజిన్ గదిలో నీటిమట్టం తగ్గుతుంది, కానీ బండి కదులుతున్నంతసేపే.

ఫోర్ లో (నాలుగు చక్రాలకీ శక్తి, తక్కువ వేగం గేరు), ఫస్టు లేదా సెకండు గేరు, నడక కంటే కాస్త ఎక్కువ వేగం. బంపర్ ముందు ఒక అల ఏర్పడి, దాని వెనక బానెట్ కింద నీళ్ళు తగ్గుతాయి. ఆ అలను దాటి ముందుకెళ్ళొద్దు, వెనకబడొద్దు. మధ్యలో క్లచ్ తొక్కకండి. తొక్కితే ప్లేటుకీ ఫ్లైవీలుకీ మధ్య ఇసుకనీళ్ళు దూరి క్లచ్ జారుతుంది.

ఆగిపోతే మళ్ళీ సెల్ఫ్ కొట్టొద్దు. మొదటిసారి బతికిన రాడ్డు రెండోసారికి వంగుతుంది. లాగి ఒడ్డుకు చేర్చి బ్యాటరీ నెగటివ్ తీసి ఫిల్టర్ డబ్బా తెరవండి. ఫిల్టరు పొడిగా ఉంటే కరెంటు వైపు వెతకండి. తడిసి ఉంటే ముందు ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) పైపులు విప్పి నీళ్ళు వంపాలి. చాలామంది దీన్ని మర్చిపోతారు. సిలిండర్లు ఎండబెట్టి స్టార్ట్ చేయగానే అందులో దాగిన నీళ్ళు ఒక్కసారిగా లోపలికి పోతాయి. తర్వాత సిలిండర్లలో నీళ్ళు బయటికి పోవడానికి నాలుగు హీటర్ ప్లగ్గులూ విప్పండి, ఇంజెక్టర్ల కంటే అవి సులువు. డీజిల్ కొట్టకుండా ఫ్యూజు తీసి, క్రాంక్ పుల్లీ బోల్టుకి బాక్స్ స్పానర్ వేసి చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. ప్లగ్గు రంధ్రాలకి మొహం ఎదురుగా పెట్టొద్దు. చేత్తో తేలిగ్గా తిరిగితేనే బ్యాటరీ కలిపి సెల్ఫ్ కొద్దికొద్దిగా కొట్టాలి. ఇంజిన్ ఆయిలు, ఫిల్టరు మార్చి, పది నిమిషాలు నడిపి మళ్ళీ మార్చాలి.

స్టార్ట్ అయింది కదా అని వదిలేయొద్దు. కొద్దిగా వంగిన రాడ్డుతో కూడా ఇంజిన్ తిరుగుతుంది, వందల కిలోమీటర్లు పోయాక విరిగి బ్లాకుకి కన్నం పెడుతుంది. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ కొలిపించండి. ఒకటి మిగతావాటి కంటే బాగా తక్కువ చూపిస్తే హెడ్ విప్పి పిస్టన్లు పైకొచ్చే ఎత్తు కొలవాల్సిందే.

కొండరాయి:
ఇంత పని వాగు ఒడ్డున చేసే చేయి ఎందరికుంది? అందుకే నా ఓటు ఇప్పటికీ స్నార్కెల్‌కే. కానీ బ్రీదర్లు లేకుండా స్నార్కెల్ ఒక్కటే వేయడం నేను కూడా చెప్పను. మన్యం దారి గారూ, ఇప్పుడు బ్రీదర్లు, తాడు, టార్పాలిన్, ఇంజిన్ ప్రొటెక్ట్. స్నార్కెల్ స్పీతికి ముందు, పలక పరీక్ష చేసి చూపించేవాళ్ళ దగ్గరే. చట్టం సంగతి పాలసీ కాగితం గారు చెప్పారు, తెలిసి వేయించుకోండి.

మన్యం దారి:
అలాగే అన్నా. దాటాక హౌసింగ్‌లోకి నీళ్ళు పోయాయో లేదో ఆయిలంతా తీయకుండా తెలుస్తుందా?

హౌసింగ్ ఆయిల్:
తెలుస్తుంది. బండిని రాత్రంతా కదల్చకుండా ఉంచండి, నీళ్ళు అడుగుకి దిగుతాయి. పొద్దున స్టార్ట్ చేయకముందే డ్రెయిన్ బోల్టు విప్పేయకుండా కొద్దిగా వదులు చేసి, ఒక మూతలో కొంచెం పట్టండి. ముందు నీళ్ళ చుక్కలు వచ్చినా, ఆయిలు తెల్లగా వచ్చినా మొత్తం మార్చాల్సిందే. బోల్టు అయస్కాంతానికి తుప్పు రంగు బురద అంటుకుని ఉంటే బేరింగులు కూడా చూపించండి.