చెల్లి పెళ్ళి బెజవాడలోనా, తెనాలిలోనా?

తెనాలి అన్నయ్య:
చెల్లి పెళ్ళి మాఘమాసంలో. మగపెళ్ళివారిది హైదరాబాద్. బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఏసీ హాలు కావాలంటున్నారు. నాన్నేమో తెనాలిలోనే చేసి, మిగిలిన డబ్బు పిల్ల పేరున వేద్దామంటున్నారు. ముహూర్తం రాత్రి రెండు దాటాక. విడిది, భోజనాలు, ప్రయాణాల సంగతి అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి. ఫోటోల వాళ్ళ రేట్లు కూడా.

పటమట కోడలు:
అద్దె ఒక్కటే చూసి అడ్వాన్స్ ఇవ్వకండి. మా ఆడపడుచు పెళ్ళికి అద్దె మీద 18 శాతం జీఎస్టీ వేశారు. కరెంటు, జనరేటర్ డీజిల్, క్లీనింగ్ అన్నీ వేరే. పైగా బయటి వంటవాళ్ళు రాకూడదట! మూడు తరాలుగా మా ఇంట్లో వండే మేస్త్రిని గేటు దగ్గరే ఆపేశారు. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

వంట మేస్త్రి గుంటూరు:
నేను గుంటూరు, పల్నాడు వైపు పెళ్ళిళ్ళకు వంట చేయిస్తాను, ఈ లోకం నాకు బాగా తెలుసు. హాలు వాళ్ళది తప్పు కాదమ్మా. కొత్త మనుషులొచ్చి గ్యాస్ బండలు ఇష్టమొచ్చినట్టు పెడితే, నిప్పంటుకున్నప్పుడు బాధ్యత ఎవరిది? ఇంకోమాట, ఆకులేసి బంతుల్లో వడ్డించే రోజులు పోయాయి. వెయ్యి మందికి బఫే తప్ప దారి లేదు. వడ్డించే కుర్రాళ్ళేరీ?

పొన్నూరు రైతుబిడ్డ:
రోజులు పోయాయా? మా ఊళ్ళో మొన్న శ్రావణంలో కూడా బంతులే వేశాం. మోకాళ్ళ నొప్పులతో పెద్దవాళ్ళు పళ్ళెం పట్టుకుని క్యూలో నిలబడటం మర్యాదా? పిలిచి పెట్టే అన్నం అది!

వంట మేస్త్రి గుంటూరు:
మర్యాద సరే. బంతి లేచాక ఆకులు చూశారా? అడక్కుండా వేసిన పూర్ణాలు, పులిహోర సగం ఆకులోనే. ఆ ఖర్చు పిల్ల తండ్రిది.

పొన్నూరు రైతుబిడ్డ:
అది వడ్డించడం రానివాళ్ళ తప్పు. అడిగి వడ్డిస్తే ఎందుకు పారేస్తారు? బంతి మీద నింద వేయకండి, మీ పని తేలికవ్వాలని మాట్లాడుతున్నారు.

వంట మేస్త్రి గుంటూరు:
నా పని గురించి మీరు చెప్పక్కర్లేదు.

పటమట కోడలు:
ఇద్దరూ ఆగండి. పెద్దవాళ్ళకు, మగపెళ్ళివారికి ఒక బంతి వేసి, మిగతావాళ్ళకు బఫే పెడితే సరిపోతుంది. మేం అలాగే చేశాం, ఎవరూ నొచ్చుకోలేదు.

బ్రాడీపేట ఆడిటర్:
జీఎస్టీ మాట సగమే చెప్పారు. ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారం చేసే చిన్న మండపం రిజిస్టర్ చేయించుకోనక్కర్లేదు, దాని బిల్లులో ఆ పన్ను పడదు. చిన్న ఊళ్ళో అసలు తేడా ఇక్కడే వస్తుంది. ఏం మాట్లాడుకున్నా రాతలో తీసుకోండి.

మంగళగిరి చీరలు:
అసలు సంగతి ఎవరూ పట్టించుకోవట్లేదు. రాత్రి రెండు గంటల ముహూర్తమంటే చుట్టాలు భోజనం చేసి పది గంటలకల్లా వెళ్ళిపోతారు. తలంబ్రాల వేళకు ఉండేది ఇంటివాళ్ళే. వాళ్ళ కోసం అంత హాలెందుకు? పెళ్ళి తెనాలిలో చేసి, రిసెప్షన్ హైదరాబాద్‌లో మగపెళ్ళివారినే పెట్టుకోమనండి. హైదరాబాద్ వైపు నుంచి వచ్చే చార్మినార్, నారాయణాద్రి రైళ్ళు రెండూ తెనాలిలో ఆగుతాయి. విడిదికి మంచి గదులు మాత్రం ముందే పట్టుకోండి. మాఘంలో ఒకే ముహూర్తానికి ఊరంతా పెళ్ళిళ్ళే, ఆలస్యం చేస్తే గదులు దొరకవు.

తెనాలి అన్నయ్య:
ఇది నాన్నకు చదివి వినిపించాను, చాలా ధైర్యం వచ్చింది. మగపెళ్ళివారితో రిసెప్షన్ మాట ఎవరు ఎత్తాలి? మేం అడిగితే బరువు దించుకుంటున్నాం అనుకోరా?

పటమట కోడలు:
మీరు వద్దు, సంబంధం కుదిర్చిన పెద్దమనిషితో అడిగించండి. అన్నట్టు చుట్టాలకు పెట్టే పెట్టుబడి చీరలు ఎక్కడ కొంటున్నారు? టోకున అయితే బెజవాడ వన్‌టౌన్‌లో వస్త్రలత బట్టల మార్కెట్.

మంగళగిరి చీరలు:
పెట్టుబడికి మంగళగిరి నేత చీర పెట్టండి, కట్టుకుంటారు. సిల్కు పేరుతో పెట్టినవి బీరువాల్లో మడతలు కూడా విప్పకుండా ఉంటాయి.

పొన్నూరు రైతుబిడ్డ:
నేతదే పెట్టండి. బంతులు కూడా వేయండి.