సమస్యాపూరణం: “చెట్టు లేని తోటఁ జివురు వేసె”

నిర్వాహకులు:
పరాభవ నామ సంవత్సరంలో పరాభవం ఎవరికి దక్కుతుందో ఈ సమస్యతోనే తేలిపోవాలని నా కోరిక. మా కాలనీలో ‘ఉద్యానవనం’ అని పెద్ద బోర్డు రాసిన చోట రెండు సిమెంటు బల్లలూ, కారుతున్న ఒక కుళాయీ తప్ప ఒక్క చెట్టయినా లేదు. అయినా ఉదయపు నడకకు వచ్చేవారంతా “వసంతం వచ్చేసిందండీ” అని పలకరిస్తున్నారు. ఆ బల్ల మీద కూర్చుని ఉండగా పుట్టిన పాదమిది; దీనినే చివరి పాదంగా చేసి పద్యం పూరించండి.

చెట్టు లేని తోటఁ జివురు వేసె

తాటిముంజ:
నిర్వాహకులకు నమస్కారం. ఎప్పటిలాగే తొలి పూరణ నాదే.

మేడ మీదఁ గుండ మేలైన మట్టితో
నింపి, గింజ నాటి, నీరు పోయ,
నేల నెఱుఁగకున్న నెదిగెను బచ్చలి;
చెట్టు లేని తోటఁ జివురు వేసె.

అరసున్న:
తొలి పూరణ తమదే, తొలి దోషమూ తమదే. మూడవ పాదంలో ‘నేల’కు ‘నెదిగెను’తో యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ కుదరవలసిన అక్షరమైత్రి) వేశారు. ‘ఉన్నన్ + ఎదిగెను’ అని విడదీస్తే ఆ నకారం ద్రుతానిదే (ముందు మాట చివర చేరిన ‘న్’దే) తప్ప పదానిది కాదు కనుక యతి చెల్లవలసినది ఎకారానికి. ‘నేల’లో ఉన్నది అసలైన హల్లు. భావం ముచ్చటగా ఉందని చెప్పడానికి నాకు అభ్యంతరం లేదు గాని, బచ్చలికి గింజ నాటేవారిని నేను ఇంతవరకు చూడలేదు. కూరకు తరిగినప్పుడు మిగిలిన ముదురు కాడను మట్టిలో గుచ్చితే వారం తిరిగేలోగా కణుపు దగ్గర ఎర్రని మొలక కనిపిస్తుంది.

పెన్నఒడ్డు:
మేడల మీది కుండలు పట్నంవారికి సరిపోతాయి. మా ఊరి చేను సంగతి వినండి.

కంప నరికి, వేరుఁ గడతేర్చి, మడిఁ గట్టి,
మల్లె నాట, నంటు మావి నాటఁ
జైత్ర మరుగుదెంచెఁ జల్లగాఁ, జెడు తుమ్మ
చెట్టు లేని తోటఁ జివురు వేసె.

నిర్వాహకులు:
ఆహా! నా ‘చెట్టు’ను ‘తుమ్మచెట్టు’గా మార్చి సమస్య నడుము విరిచారు. చెట్టు లేకపోవడమే తోటకు ప్రాణం పోసిందనడం నేను ఊహించని మలుపు. ఇది సర్కారు తుమ్మేనా?

పెన్నఒడ్డు:
అదేనండీ. 1870లలో వంటచెరకు కోసమని కడప సీమకు విత్తనాలు తెప్పించి వేసినది ఇప్పుడు చెరువులను, బీళ్లను మింగి కూర్చుంది. మొదలు నరికితే పది కొమ్మలై లేస్తుంది కనుక వేరును కడతేర్చక తప్పదు. పుష్యంలో మల్లె పొదలను కత్తిరించి నీరు పెట్టాము. ఫాల్గునం చివరికల్లా చిగురుతో పాటు మొగ్గ కూడా వచ్చింది. అంటుమావికి మాత్రం పూత నిలవనీయలేదు. మొదటి రెండు మూడేళ్లు పూత తుంచివేస్తేనే చెట్టు బలపడుతుంది. తుంచుతున్నప్పుడు చేతికి అంటే ఆ జిగురు వాసన ముందు ఏ అత్తరైనా దిగదుడుపే.

అరసున్న:
మలుపు బాగుందని నేనూ ఒప్పుకుంటాను. అయితే పెన్న ఒడ్డున చైత్రం ‘చల్లగా’ వచ్చిందా? ఉగాది పచ్చడి గిన్నెలోకి వేపపూత దులుపుకొని ఇంట్లోకి వచ్చేలోపే అరికాళ్లు కాలే సీమ అది. పైగా ‘మడిఁ గట్టి’ అంటే తడిబట్ట కట్టుకొని మల్లె నాటారని నాకు స్ఫురించింది.

పెన్నఒడ్డు:
‘చల్లగా జారుకున్నాడు’ అన్నప్పుడు ఎవరికైనా చలి వేసిందా? ఇక్కడ చల్లగా అంటే మెల్లగా అని అర్థం. మడి విషయానికి వస్తే, పొలం ముఖం చూసినవారికి ముందుగా నీటి మడి స్ఫురిస్తుంది, వంటింటి గడప దాటనివారికి రెండవది స్ఫురిస్తుంది. ఇంతకూ, కిందటి హోళీ సమస్యకు మోదుగు నీడలో బాటసారిని పడుకోబెట్టిన మహానుభావులు ఎవరో ఇక్కడ అందరికీ జ్ఞాపకమే. పూచే వేళకు మోదుగుకు ఆకే ఉండదు; కొమ్మలన్నీ నిప్పుకణికల్లా ఉంటాయి. ఆకు లేని చెట్టు కింద నీడ ఎక్కడిది?

కాచిగూడ రైలు:
పెద్దలు మోదుగు దగ్గర ఆగిపోయినట్లున్నారు. ఈలోగా నాదొకటి.

బాగు పేరులోన బాగున్న చోటులోఁ
బిల్ల లాట లాడఁ బెద్ద లలర,
నవ్వు మొగ్గ యగుచు, నడకయే తీవయై
చెట్టు లేని తోటఁ జివురు వేసె.

హైదరాబాదులో బషీర్‌బాగ్, జాంబాగ్, రాంబాగ్ అంటూ ఎన్ని బాగులు (బాగ్ అంటే తోట) ఉన్నాయో, వాటిలో ఎన్నింటిలో తోట మిగిలిందో ఆలోచించండి. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ ఒకప్పటి బాగ్-ఎ-ఆమ్ కనుక దానిని మినహాయించాను.

అరసున్న:
బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య పార్కు పచ్చగానే ఉంది కనుక దానినీ మినహాయించండి. ‘బాగు’ శ్లేష బాగు. యతులన్నీ చెల్లాయి. ఈ రోజు నా చేతికి దొరకనిది ఇదొక్కటే.

డల్లాస్ వేప:
అందరికీ నమస్సులు. ఇక్కడ మార్చి నెలాఖరు నుండి దారి పక్క బీళ్లన్నీ బ్లూబానెట్ పూలతో నీలంగా మారిపోతాయి. టెక్సస్ రాష్ట్రపుష్పం అదే. పిల్లలను ఆ పూల మధ్య కూర్చోబెట్టి ఫొటోలు తీయడం ఈ ఋతువుకు మా వ్యాపకం. ఉగాది పచ్చడికి వేపపూత మాత్రం డబ్బాలో ఎండినదే దిక్కు.

నీలిపూలు నేల నిండుగాఁ బఱవఁగాఁ
బల్లె బాట పొంత బాల లాడ,
నెన్ని యున్న నేమి, యిట మనదగు వేప
చెట్టు లేని తోటఁ జివురు వేసె.

పెన్నఒడ్డు:
అమ్మా, పద్యం హాయిగా ఉంది. కానీ ఆ ‘చెట్టు’కు ముందు ఒక పేరు తగిలించే ఉపాయం ఎవరి చేలో మొలిచిందో సభవారు గమనించాలి.

డల్లాస్ వేప:
అన్నగారూ, మీ తుమ్మ పోయినందుకు తోట సంతోషించింది. నా వేప లేదన్న దిగులు ఉండగానే తోట చిగిర్చింది. ఉపాయం మీదే అయినా దిగులు నాది.

నిర్వాహకులు:
తీర్పు చెప్పక తప్పేట్టు లేదు. మలుపు పెన్నఒడ్డు గారిది, మనసు డల్లాస్ వేప గారిది. అయితే ఒక్క మాట: ఆమె పూరణలో ‘ఎన్ని యున్న నేమి’ అన్న నిట్టూర్పు తరువాత ‘చివురు వేసె’ అన్న క్రియ కొంచెం తేలిపోయింది. చిగిర్చినందుకు విచారమా, సంతోషమా అన్నది పాఠకుడే తేల్చుకోవలసి వస్తోంది. నాకు ఆ తేలకపోవడమే నచ్చింది. అరసున్న గారు మోదుగు విషయంలో ఇంకా నోరు విప్పలేదు.

అరసున్న:
విప్పుతున్నాను. మోదుగాకు విస్తరిలో భోజనం చేసిన జ్ఞాపకమూ, పూలను రాత్రంతా నానబెట్టి హోళీ రంగు తీసిన జ్ఞాపకమూ ఒకే చెట్టువి కావడంతో ఆకును, పూవును ఒకే నెలలో కలిపివేశాను. తప్పు నాదే. చైత్రంలో వనభోజనం పెట్టి, కార్తికపు ఉసిరిచెట్టును వెతుక్కోవలసి వచ్చినవారు కూడా ఈ సభలోనే ఉన్నారని మాత్రం మనవి.

తాటిముంజ:
అది నేనే కనుక ఆ దారికి పోను. యతి సవరించాను: ‘నేల నెఱుఁగకున్న నిలిచెను బచ్చలి’. గింజను మాత్రం మార్చను. మా మేడ మీద నాటినది నిజంగా గింజే, తీగ నుండి రాలిన నల్లని పండును మా మనవరాలు వేళ్లకు ఊదారంగు పూసుకొని మరీ నాటింది.