పేర్లు తీసేస్తే చాలా? నెల్లూరు కెమెరాల డేటా పంచుకోవడంపై చర్చ

దర్గామిట్ట వాసి:
నెల్లూరు స్మార్ట్ సిటీల జాబితాలో లేకపోయినా కూడళ్లలో కెమెరాలొచ్చాయి. 2025 జనవరి నుంచి ‘మన మిత్ర’తో ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లోనే అందుతున్నాయి. ఈ డేటాలో పేర్లు ఏఐతో తీయించేసి శాఖలకు, అవసరమైతే కంపెనీలకూ ఇస్తే తప్పేంటి? సాయంత్రం వీఆర్సీ సెంటర్లో ఇరుక్కుంటే తెలుస్తుంది దాని అవసరం.

పొగతోట:
ట్రాఫిక్ బాధ నిజమే అన్నా. పేర్లు తీసేస్తే సరిపోతుందన్న మాటే ఒప్పుకోలేను. 2013లో వచ్చిన ఒక పరిశోధనలో, పేర్లు లేని 15 లక్షల మంది మొబైల్ కదలికల్లోంచి, ఎప్పుడు ఎక్కడున్నారో నాలుగుసార్లు తెలిస్తే చాలు, నూటికి 95 మందిని విడిగా పట్టేయొచ్చని తేలింది. రోజూ ఒకే ఇంటి నుంచి బయల్దేరి, వారానికోసారి ఒకే ఆస్పత్రి ముందు ఆగే బండి ఎవరిదో కనుక్కోవడానికి పేరెందుకు?

మన రొట్టెల పండగే చూడండి, చెరువులో దిగి కోరికను బట్టి రొట్టెలు మార్చుకునే పండగ. లక్షల జనం. తొక్కిసలాట జరక్కుండా ఏఐ జనాన్ని లెక్కపెట్టాలి, పెట్టి తీరాలి. కెమెరా పక్కనున్న చిన్న కంప్యూటరే లెక్క తేల్చి, ఏ ఘాట్‌లో ఎంతమందో ఆ అంకె ఒక్కటే కంట్రోల్ రూమ్‌కు పంపగలదు. వీడియో అక్కణ్ణుంచి కదలక్కర్లేదు. అదే ముఖాలు దాచిపెడితే, స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి సంతాన రొట్టె పట్టుకున్న అమ్మాయి ఎవరో, ఆరోగ్య రొట్టె అడిగిన పెద్దాయన ఎవరో రికార్డుకెక్కుతుంది. ఇన్సూరెన్స్ కంపెనీకి వాళ్ల మొక్కులతో పనేంటి?

ఒంగోలు కుర్రాడు:
2023 డేటా పరిరక్షణ చట్టం ఉందిగా! డేటా లీకవకుండా జాగ్రత్త పడకపోతే 250 కోట్ల దాకా జరిమానా.

పొగతోట:
ఉంది తమ్ముడూ. కానీ శాంతిభద్రతల వంటి కారణాలతో కేంద్రం నోటిఫై చేసే ప్రభుత్వ సంస్థలకు అందులోని 17వ సెక్షన్ మినహాయింపునిస్తుంది. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం తేల్చిన దేశం మనది. అందుకే జరిమానా మీద భారం వేయకుండా, ఏది సేకరించాలో ముందే టెండర్లో రాయించాలంటున్నాను.

దర్గామిట్ట వాసి:
లెక్కల వరకు ఒప్పుకుంటా. మరి జనంలో బిడ్డ తప్పిపోతే? అప్పుడు ముఖాలు చూడక తప్పదు కదా.

పొగతోట:
తప్పదు. తల్లిదండ్రులిచ్చిన ఫొటోతో వెతకండి. కలవని ముఖాలను అక్కడికక్కడే చెరిపేయాలి, బిడ్డ దొరకగానే ఆ ఫొటో కూడా. చెరిపేశారో లేదో బయటివాళ్లతో ఆడిట్ చేయించి, ఆ నివేదికను కార్పొరేషన్ ఆఫీసు బోర్డు మీద తెలుగులో పెట్టాలి. దీనికి ఒప్పుకుంటే కెమెరాలు పెట్టమని నేనే అర్జీ రాసిస్తాను.