టచ్ ఆఫ్ ఈవిల్ తొలి షాట్: మాన్సీనీ బాణీ ఉండాలా, వీధి పాటలు చాలా?

చీకటితెర:
ఆర్సన్ వెల్స్ తీసిన 'టచ్ ఆఫ్ ఈవిల్' (1958) మొదటి షాట్ మూడు నిమిషాలకు పైగా కట్ లేకుండా నడుస్తుంది. ఒకడు టైమర్ తిప్పి బాంబును కారు డిక్కీలో పెడతాడు. కారు సరిహద్దు ఊరి వీధుల్లో కదులుతుంది. దాని పక్కనే వర్గాస్, సూసన్ దంపతులు నడిచి వెళ్తుంటారు. యూనివర్సల్ స్టూడియో వాళ్లు ఈ షాట్ మీద టైటిల్స్ వేసి, సంగీత దర్శకుడు హెన్రీ మాన్సీనీ బొంగోలు, ట్రంపెట్ల బాణీ పరిచారు. స్టూడియో కట్ చూసిన వెల్స్ 1957 డిసెంబరులో 58 పేజీల మెమో రాశాడు. దాని ఆధారంగా 1998లో వాల్టర్ మర్చ్ మళ్లీ ఎడిట్ చేశాడు. టైటిల్స్‌ని చివరికి పంపి, బాణీ తీసేసి, బార్లలోంచీ కారు రేడియోలోంచీ వచ్చే పాటలు పెట్టాడు.

నా ఓటు 1998కే. ఈ షాట్‌లో చూసేవాడికి కావాల్సిన సమాచారం ఒక్కటే, బాంబు ఎక్కడుంది అని. కారు ఫ్రేములోంచి తప్పుకున్నా దాని రేడియో వినిపిస్తుంటే అది దగ్గర్లోనే ఉందని చెవి చెప్తుంది. పైన పరిచిన బాణీ ఆ పని చేయలేదు, ఎందుకంటే అది కారుకూ వీధికీ ఒకే మట్టంలో మోగుతుంది.

బొంగోదెబ్బ:
చీకటితెర గారూ, బాంబు ఎక్కడుందో కన్ను చూస్తూనే ఉంది. చెవి చేయాల్సిన పని వేరు, ఎంత టైం మిగిలిందో గుర్తుచేయడం. టైమర్ తిప్పడం మొదట్లో ఒక్కసారే చూపిస్తారు. ఆ తర్వాత గడియారం లేదు. మాన్సీనీ బొంగోలు అదే లయలో ఆగకుండా కొడుతుంటే ఆ గడియారం మన ఒంట్లో నడుస్తుంది. 1998 కట్‌లో ఒక పాట తగ్గి ఇంకోటి పైకొచ్చిన ప్రతిసారీ లయ తెగుతుంది, బిగువు మళ్లీ మొదటినుంచి కూడాలి.

నోయిర్‌లో, అంటే ఆ కాలపు చీకటి క్రైమ్ సినిమాల్లో, ఇది కొత్తేమీ కాదు. 'డబుల్ ఇండెమ్నిటీ' (1944)లో సంగీత దర్శకుడు మిక్లోష్ రోజా టైటిల్స్ మీదే, ఊతకర్రల మనిషి నీడ మన మీదికి నడిచి వస్తుంటే, బరువైన మార్చ్ వేశాడు. అపశ్రుతులు ఎక్కువయ్యాయని పారమౌంట్ సంగీత విభాగం పెద్దకు నచ్చలేదు. దర్శకుడు బిల్లీ వైల్డర్ మాత్రం వెనక్కి తగ్గలేదు. కథ మొదలవకముందే హీరో పని అయిపోయిందని ఆ మార్చ్ చెప్పేస్తుంది. ఏ రేడియో పాట ఆ మాట చెప్పగలదు?

క్రైమ్‌కథలు:
అదే సినిమాలో రేడియో పాట చెప్పింది కదండీ! చివర్లో హీరో నెఫ్, అతనితో కలిసి భర్తను చంపించిన ఫిలిస్, ఆమె ఇంట్లో ఎదురెదురుగా ఉన్నప్పుడు వీధిలో ఎవరి రేడియోలోంచో 'టాంజరీన్' వస్తుంటుంది. నెఫ్ కిటికీ మూయడానికి వెళ్తాడు, అప్పుడే తుపాకీ పేలుతుంది. చంపుకోబోతున్న ఇద్దరి పక్కింట్లో మామూలు రాత్రి నడుస్తోందని ఆ పాట వల్లే తెలుస్తుంది. రోజా ఆర్కెస్ట్రా అక్కడ వాయిస్తే ఆ భావం పోయేది.

మిక్స్‌రూమ్:
ఓట్ల సంగతి తర్వాత. ఈ వీధి పాటల సౌండ్ ఎలా తయారవుతుందో తెలిస్తే చర్చ తేలికవుతుంది.

వీధి పాటను స్టూడియోలో రికార్డు చేసి, ఈక్వలైజర్‌తో 300 హెర్ట్జ్ కింద, 4 వేల హెర్ట్జ్ పైన కోసేస్తే గరగరలాడే స్పీకరు గొంతు వస్తుంది, అంతవరకే. వీధి రాదు. గోడల ప్రతిధ్వని లేకపోవడంతో పాట ఎప్పుడూ తెర మధ్యలో అతుక్కుని ఉంటుంది. దూరం కోసం వాల్యూమ్ తగ్గిస్తే పాట దూరం జరగదు, చిన్నదవుతుంది. వెల్స్‌కి ఇది బాగా తెలుసు. అందుకే ఈ సంగీతాన్ని సౌండ్ విభాగం బయట సందులో చౌకరకం హారన్ స్పీకర్లో మోగించి మళ్లీ రికార్డు చేయమని రాశాడు. మన జాతరల్లో కట్టే హారన్ మైకు వినిపించే తీరు అనుకోండి. మర్చ్ కూడా ఏళ్ల తరబడి ఇదే పద్ధతిలో పనిచేసినవాడు.

ఇలా చేసేటప్పుడు తప్పు జరిగే చోట్లు రెండు. శుభ్రమైన ట్రాక్, సందులో పట్టిన ట్రాక్ రెండూ పక్కపక్కన పెట్టుకుని, కెమెరా దగ్గరికొస్తే మొదటిది, దూరమైతే రెండోది పెంచుతారు. ధ్వని సెకనుకు దాదాపు 343 మీటర్లు వెళ్తుంది కాబట్టి స్పీకరుకు 10 మీటర్ల దూరంలో మైకు ఉంటే రెండో ట్రాక్ 29 మిల్లీసెకన్లు వెనకబడుతుంది. సరిచేయకుండా కలిపితే కొన్ని పౌనఃపున్యాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని పాట డొల్లగా, గొట్టంలోంచి వచ్చినట్టు మోగుతుంది. రెండోది, ఒక బారు పాట ఇంకో బారు పాటలోకి మారే చోటు. రెండూ వేరు శ్రుతుల్లో ఉంటాయి. రెండూ సమాన వాల్యూమ్‌లో కలిసే క్షణం ఉంటే వినేవాడికి మిక్సింగ్ తప్పులా అనిపిస్తుంది. మధ్యలో కారు ఇంజనో, అడుగుల చప్పుడో, జనం నవ్వో పెట్టి దాటించాలి. మర్చ్ అదృష్టం ఏమిటంటే, మాన్సీనీ బాణీ తీసేస్తే దాని కింద మేకలతో సహా వీధి శబ్దాలన్నీ సిద్ధంగా ఉన్నాయి.

ఇంకో సంగతి. ఇది మాన్సీనీకి వ్యతిరేకమైన కట్ కాదు. 1998 కట్‌లో వినిపించే వీధి పాటలు కూడా ఆయన ఇదే సినిమాకి చేసినవే.

బొంగోదెబ్బ:
మంచి వివరం. కానీ క్రైమ్‌కథలు గారి ఉదాహరణ ఇక్కడికి సరిపోదు. అక్కడ గది ఒకటి, రేడియో ఒకటి, పాట ఒకటి. ఇక్కడ వీధి పొడవునా నాలుగైదు చోట్ల నుంచి పాటలు. పాటలు ఎక్కువయ్యేకొద్దీ చెవికి ఊరు తెలుస్తుంది, ప్రమాదం తెలియదు. కరోల్ రీడ్ 'ది థర్డ్ మ్యాన్' (1949)లో వియన్నా అంతటికీ ఆంటన్ కారాస్ వాయించిన జిథర్ అనే తీగవాద్యం ఒక్కటే వాడాడు. అది ఏ కిటికీలోంచీ రాదు. ఊరూ తెలిసింది, బిగువూ నిలిచింది.

క్రైమ్‌కథలు:
ఈ రెంటి మధ్య గీత అంత గట్టిదీ కాదు. 'లారా' (1944)లో సంగీత దర్శకుడు డేవిడ్ రాక్సిన్ ఒకే రాగాన్ని గ్రామఫోనులోనూ, హోటల్లోనూ, నేపథ్యంలోనూ తిప్పాడు. డిటెక్టివ్ లారా చిత్రపటం ముందు ఒంటరిగా ఉన్న సీనులో పియానో మెట్టు నొక్కిన తొలి దెబ్బను రికార్డు కానివ్వకుండా, ఆ తర్వాత మోగే స్వరాన్ని మాత్రమే పట్టాడు. అది ఇంట్లో మోగుతోందా, అతని బుర్రలోనా అన్నది తేల్చుకోలేం. 'టచ్ ఆఫ్ ఈవిల్'లో టానా ఇంట్లోని పియానోలా (తనంతట తానే మోగే పియానో) కూడా అంతే. ఆమెను ఎప్పటినుంచో ఎరిగిన పోలీసు అధికారి క్విన్లన్ దాన్ని వీధిలో విని ఆ ఇంటికి వెళ్తాడు. వాడి పాత రోజులు ఆ చప్పుడులోనే ఉన్నాయి.

చీకటితెర:
బొంగోదెబ్బ గారి లయ వాదనకు ఒక్క అభ్యంతరం. 1958 ప్రింటులో బాణీ ఒక్కటే కాదు, తెర నిండా అక్షరాలు కూడా ఉన్నాయి. పేర్లు చదువుతున్న కన్ను కారును వదిలేస్తుంది. 1998లో రెండు మార్పులూ ఒకేసారి జరిగాయి కాబట్టి, తేడా అంతా సంగీతానిదే అనుకుంటున్నాం. న్యాయంగా పోల్చాలంటే 1998 బొమ్మకు 1958 సౌండ్ జతచేయాలి. టైమర్ తిప్పే చప్పుడు దగ్గర రెండూ కలిపితే చాలు, చివరి పేలుడు దాకా సరిపోవాలి.

మిక్స్‌రూమ్:
అలా పోల్చేముందు రెండింటి వాల్యూమ్ సమం చేయండి. బాణీ ఉన్న ట్రాక్ మొదటినుంచీ గట్టిగా ఉంటుంది, గట్టిగా ఉన్నది ఎప్పుడూ బాగున్నట్టే అనిపిస్తుంది. సరిహద్దు దగ్గర కారులోని అమ్మాయి టిక్‌టిక్ వినిపిస్తోందని చెప్పే మాటను కొలతగా పెట్టుకుని, ఆ మాట రెండింట్లో ఒకే మట్టంలో వచ్చేట్టు సరిచేస్తే సరిపోతుంది. అప్పుడు మొదటి రెండు నిమిషాలు వినండి. నా లెక్కలో ఆ మాటకు బలం 1998లోనే ఎక్కువ. అప్పటిదాకా వీధి విన్న చెవే ఆ టిక్‌టిక్ కోసం వెతుకుతుంది.

బొంగోదెబ్బ:
ఆ ఒక్క మాట వరకూ ఒప్పుకుంటా. దానికి ముందున్న రెండు నిమిషాలకు నా ఓటు మారలేదు.